పదిహేనుమందిలో చోటు

అమెరికాలో బేస్‌బాల్ జట్లు ఏటా వసంతకాలపు శిక్షణకు చాలామందిని పిలిచి, చివరకు 26 మందినే ఉంచుకుంటాయి. అందులో ఫస్ట్ బేస్ దగ్గర నిలిచేవాడు ఒక్కడే. 2019 ప్రపంచకప్‌కు మన క్రికెట్ జట్టులో నాలుగవ స్థానం అట్టిదే.

గుంటూరువాడైన అంబటి రాయుడు ఆ స్థానానికి తగినవాడని 2018లో కెప్టెన్ కోహ్లీయే అన్నాడు. వన్డేలలో అతని సగటు 47. అయితే 2019 మార్చిలో ఆస్ట్రేలియాపై పరుగులు రాలేదు. ఏప్రిల్ 15న సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్ (ఆయనదీ గుంటూరే) విజయ్ శంకర్‌ను ప్రకటించారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేయగలడన్నారు. ఈ కారణం కొట్టిపారవేయదగినది కాదు. రెండు పనులు చేయువాడుంటే 15 మందిలో మరొకరికి చోటు మిగులును.

అసలు బాధ తరువాతిది. రాయుడును స్టాండ్‌బైగా ఉంచారు. ధావన్ గాయపడితే పంత్ వెళ్లాడు. శంకర్ గాయపడితే, స్టాండ్‌బైలలో లేని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు! పోలీసు భర్తీలో వెయిటింగ్ లిస్టు చూచుచున్న మన చంద్రపూర్ యౌవనస్థులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. జూలై 3న రాయుడు ఆటకు వీడ్కోలు చెప్పాడు. రెండు నెలలలోపే ఆ మాట వెనక్కు తీసుకొని హైదరాబాదు జట్టుకు కెప్టెన్‌గా ఆడాడు.