సేవాపతకమును, దాని నియమములును

గత సంవత్సరము చరిత్ర పాఠము జరుగుచుండగా ఒక బాలుడు పాతగుడ్డలో చుట్టి తెచ్చిన రెండు పతకములను మా బల్లపై నుంచెను. అవి వాని ముత్తాతగారివి. ఆయన 1939-45 నాటి యుద్ధకాలమున మన దేశములోనే సైన్యపు లారీ నడిపెనట. ఈ మాట వినగానే వెనుక బెంచీవారు నవ్విరి. "తుపాకి పేల్చనివారికి పతక మెందుల కిచ్చిరండీ?" అని యొకడడిగెను. బాలుడు తల వంచుకొనెను. ఆనాడు గంట కొట్టు తొందరలో మేము చెప్పిన సమాధానము చాలలేదు. కావున దాని నిచ్చట క్రమముగా వ్రాయుచున్నాము.

సైనిక పతకములు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి శౌర్యమునకిచ్చునది, రెండవది సేవకిచ్చునది. 1856వ సంవత్సరమున విక్టోరియా రాణి స్థాపించిన విక్టోరియా క్రాసు మొదటి తరగతిలోనిది. అది "నీవేమి సాహసము చేసితివి?" అని యడుగును. సేవాపతకము అట్లడుగదు. "పిలిచినప్పుడు వచ్చితివా? ఎచ్చట నుంటివి? ఎన్నాళ్లుంటివి?" అనునవే దాని ప్రశ్నలు. కావుననే సేవాపతకపు నియమములలో మూడంగము లుండును: తేదీలు, స్థలము, కాలపరిమితి.

ఆ యుద్ధపు పతకములనే చూడుడు. యుద్ధకాలము 1939 సెప్టెంబరు 3వ తేది మొదలు 1945 సెప్టెంబరు 2వ తేది వరకు. "1939-45 నక్షత్రము" పొందుటకు సాధారణముగా యుద్ధరంగమున ఆరు నెలల సేవ కావలెను. విమానములలో నెగిరి పోరాడువారికి రెండు నెలలు చాలును. బర్మా నక్షత్రమునకు, పదాతి మొదలగు భూసైన్యమువారు ఆ రంగమున నడుగిడి పనిచేసిన చాలును, ఇన్ని దినములని లేదు. "యుద్ధ పతకము"నకు ఎచ్చటనైనను ఇరువది యెనిమిది దినముల పూర్తికాలపు సేవ చాలును. "భారత సేవాపతకము" మన దేశపు సైన్యముల కొరకు ప్రత్యేకముగా నేర్పడినది. యుద్ధరంగమునకు వెలుపల మూడు సంవత్సరములు పనిచేసినవారికి దానినిచ్చిరి.

ఈ నియమములలో మాకెంతయు నచ్చినది యొకటి కలదు. ఆరు నెలలు నిండకమునుపే మరణించినవానికిని, గాయపడిగాని, సేవవలన అంగవైకల్యము కలిగిగాని సేవ విడువవలసి వచ్చినవానికిని నక్షత్రము నిచ్చునపుడు దినములు లెక్కింపలేదు. వాడొక్క దినమే యుండినను, ఆ దినము ఆరు నెలలతో సమానమయ్యెను.

ఇట్టి న్యాయము తొలినుండియు లేదు. 1799లో శ్రీరంగపట్టణము పట్టుబడిన పిమ్మట ఈస్టిండియా కంపెనీవారు పతకములు చేయించిరి. ఒకే ముద్రతో అయిదు విధములు: బంగారము, బంగారు పూత గల వెండి, వెండి, కంచు, తగరము. సేనాధిపతులకు బంగారము, సిపాయిలకు తగరము! ఆ చెన్నపట్టణపు సైన్యములో తెలుగువారు చాలమంది యుండిరి. ఉత్తర దేశమున కంపెనీ సిపాయిలకు "తిలంగా" లను పేరు వచ్చుటకు మన తెలుగుదేశమే కారణము.

1815లో వాటర్లూ యుద్ధము జరిగెను. దాని పతకమును మాత్రము అధికారికిని, సామాన్య సైనికునికిని ఒకే వెండితో చేసి యిచ్చిరి. చనిపోయినవారి బంధువులకును అది చేరెను. అయితే తరువాతివారు ఈ మేలును మరచిరి. 1793 మొదలు 1814 వరకు పోరాడిన ఆంగ్ల సైనికులకు పతకమియ్యవలెనని 1847లో గాని నిర్ణయింపలేదు. అదియు బ్రతికియుండి తామే కోరినవారికి మాత్రమే. మన దేశపు యుద్ధములకు 1851లో నేర్పరచిన పతకమునకును ఇదే నియమము. 1803లో అస్సాయి యుద్ధమున ఇరువదేండ్ల వయసున నున్న చెన్నపట్టణపు సిపాయి అప్పటికి అరువదియెనిమిదేండ్ల వృద్ధు! అట్టివారిలో ఎందరు బ్రతికియుందురు? ఉన్నను, ఆ వార్త ఏ పల్లెకు చేరును?

1914-18 నాటి మహాయుద్ధము తరువాతకూడ తేడా పోలేదు. యుద్ధపతకము సైనికులకు వెండితోను, మట్టి త్రవ్వి మూటలు మోసిన భారతీయ, చీనా, మాల్టా లేబరు దళములవారికి కంచుతోను చేసిరి. వారు మోసిన మూటలు లేనియెడల ఆ తుపాకులకు మందుగుండెక్కడిది?

ఇక మన బాలుని పతకముల మాట. అవి భారత సేవాపతకమును, యుద్ధపతకమును. అనగా ఆయన మూడు సంవత్సరములు ఇల్లు విడిచి ఆజ్ఞకు లోబడి పనిచేసెనని ఆ లోహము సాక్ష్యమిచ్చుచున్నది. సేనాధిపతికిచ్చిన యుద్ధపతకమును, లారీ నడిపిన యీయనకిచ్చినదియు ఒకే లోహము, ఒకే తూకము. ఆ యుద్ధము ముగియునాటికి ఇరువదియైదు లక్షలకు చేరిన భారత సైన్యమునకు అన్నము, మందులు, గుండ్లు చేర్చినవారు ఇట్టివారే గదా!

ఇంకొక మాట. ఇరువదియేడు దినములు పనిచేసినవానికి సాధారణముగా పతకము రాదు. నియమమునకు గీత యెక్కడనో యొకచోట గీయక తప్పదు. గీతకు ఇవతల మిగిలినవాడు సేవ చేయలేదని మనమనరాదు. పతకము సేవకు సాక్షియే గాని కొలబద్ద కాదు.

మరునాడు మేమా పతకపు అంచును తరగతికి చూపితిమి. భారత సైనికుల పతకములపై వారి సంఖ్య, హోదా, పేరు చెక్కుట వాడుక. బాలుడు అరిగిన యక్షరములను కూడబలుకుకొని ముత్తాతపేరు బిగ్గరగా చదివెను. ఈసారి యెవరును నవ్వలేదు.

తలిదండ్రులకు మనవి: మీ యింట ఇట్టి పతకమున్నయెడల చింతపండుతో తోమకుడు, అంచుమీది పేరు అరిగిపోవును. తూకమునకు అమ్మకుడు. పిల్లలకు ఆ పేరు చదివి వినిపింపుడు.

అభ్యాసము: (1) శౌర్యపతకమునకును సేవాపతకమునకును గల భేదమేమి? (2) సేవాపతకపు నియమములలోని మూడంగము లేవి? (3) 1847 నాటి నియమమును మీరు దిద్దవలసినచో ఎట్లు దిద్దుదురు? కారణములు వ్రాయుడు.