మీ నాన్నగారు ఏం చేస్తారు?

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలోని యూనివర్సిటీ ఊళ్లన్నిటా తెలుగు వినబడుతుంది. మనిషికి రెండు పెద్ద సూట్‌కేసులు, అందులో సగం పచ్చళ్లూ పొడులే. ఆ పిల్లలను పలకరిస్తే ఏటా ఒకే సంగతి బయటపడుతుంది: తమ వీసా దరఖాస్తులో ఏం రాసి ఉందో వాళ్లలో చాలామందికి తెలియదు. ఆ దరఖాస్తు ఫారం, డీఎస్-160, ఎవరు నింపారంటే కన్సల్టెన్సీవాళ్లు. ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, ఎస్ఓపీ, ఎవరు రాశారంటే వాళ్లే. బ్యాంకులో చూపించిన డబ్బు ఎవరిదంటే జవాబుండదు, నేల చూపులు చూస్తారు. మా తరం చేసిన తప్పే ఇది. దాని ఖరీదు మేం ఏళ్ల తరబడి కట్టాం, అయినా మా వెనక వచ్చినవాళ్లు అదే గుంతలో కాలు పెడుతున్నారు. అందుకే స్టూడెంట్ వీసాకు, అంటే ఎఫ్-1కు, సిద్ధమవుతున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ దరఖాస్తులో ప్రతి అక్షరం మీదై ఉండాలి, నిజమై ఉండాలి. వీసా వచ్చాక ఇక్కడ ఎలా బతుకుతారన్నది ఆ కాగితాల్లోనే సగం తేలిపోతుంది కాబట్టి ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

మిగతావన్నీ తేలిక. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. ఫొటో రెండంగుళాల చదరం, కళ్లజోడు తీసేసి దిగాలి. యూనివర్సిటీ నుంచి ప్రవేశ పత్రం ఐ-20 వచ్చాక సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. ఇవి మారుతుంటాయి, కట్టే రోజున అధికారిక వెబ్‌సైటులో చూసి కట్టండి. వేలిముద్రలకు ఒక రోజు, నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూకు ఇంకో రోజు. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకంటే ముందు అమెరికాలోకి రానివ్వరు, తొందరపడి టికెట్లు కొనకండి. కుక్కర్ తెచ్చుకోండి.

ఇక డబ్బు సంగతి. ఏడాది చదువుకూ తిండికీ ఇంటద్దెకూ ఎంతవుతుందో ఐ-20 మీద అంకెలు వేసి ఉంటాయి. మొదటి ఏడాదికి సరిపడా డబ్బు చేతికందేలా ఉందనీ, ఆ తర్వాతికి దారి ఉందనీ మీరు చూపించాలి. మన దగ్గర ఈ నిబంధన మీద ఒక వ్యాపారమే పుట్టింది. కమీషన్ పుచ్చుకుని మీ ఖాతాలో కొన్ని వారాలు లక్షలు వేసి, పని అయ్యాక తిరిగి తీసుకునేవాళ్లున్నారు. ఉన్న పొలానికి లేని విలువ కట్టి సీఏ రిపోర్టు ఇప్పించేవాళ్లున్నారు. ‘ఫండ్స్ చూపించడం’ అని దీనికో పేరు కూడా పెట్టుకున్నాం, పెళ్లిచూపుల్లాగా అదీ ఒక లాంఛనమైనట్టు. ఎంత తప్పు ఆలోచన! డబ్బుందా అన్న ప్రశ్న కాన్సులేటు అధికారి తృప్తి కోసం పుట్టిందనుకోవడంలోనే పొరపాటంతా ఉంది. పరాయి దేశంలో సంపాదన లేకుండా ఏడాది నెగ్గుకురాగలవా అని అది మిమ్మల్నే అడుగుతోంది. ఎఫ్-1 మీద వచ్చినవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట పనిచేయకూడదు. క్యాంపస్ ఉద్యోగాలు అందరికీ దొరకవు, దొరికినా ఆ జీతం తిండికీ అద్దెకూ చాలితే గొప్ప. ఇప్పుడు లెక్క మీరే వేసుకోండి. చూపించిన డబ్బు ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయింది, రెండో సెమిస్టర్ ఫీజు గడువు దగ్గరపడింది, ఇంటికి ఫోన్ చేసి అడగడానికి నోరు రాదు. అప్పుడు ఎవరో ఒక గ్యాస్ స్టేషన్ పేరో, రెస్టారెంటు వంటగది పేరో చెబుతారు. రాత్రి పని, చేతికి నగదు. ఆ రోజుతో స్టేటస్ చెడిపోతుంది. అధికారికి చెప్పిన అబద్ధం ఆరునెలలు తిరక్కుండా చెప్పినవాడి మెడకే చుట్టుకుంటుంది.

అక్కడితో ఆగినా బాగుండును. ఫీజు కట్టలేనివాళ్లకు తర్వాత వినిపించే మాట, ఇంకో కాలేజీకి ‘ట్రాన్స్‌ఫర్’. ఫీజు తక్కువ, క్లాసుకు పోనక్కర్లేదు, మొదటి రోజు నుంచే పని అనుమతి అంటారు. 2011 జనవరిలో అలాంటిదే అయిన కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అందులో పేరు నమోదైన 1,500 మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువాళ్లు. సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్టుమెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో చూపారు. యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఈలోగా మన పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు తొడిగారు, ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అంతటితోనైనా బుద్ధి వచ్చిందా? 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, ఇమిగ్రేషన్ అధికారులే మారువేషంలో నడిపిన వల. సుమారు 600 మంది చేరారు, వాళ్లను చేర్పించి డబ్బు తీసుకున్న ఎనిమిది మందిపై కేసులు పెట్టారు. ప్రభుత్వమే దొంగ కాలేజీ తెరిచి పిల్లలకు ఎర వేయడం అన్యాయం కాదా అని అడుగుతారు. అన్యాయమే. అధికారిక జాబితాలో ఉన్న కాలేజీని నమ్మాం అనే వాదనలోనూ కొంత నిజముంది; ట్రై-వ్యాలీకి కూడా ఐ-20 ఇచ్చే అధికారం ఉండేది. కానీ పాఠం చెప్పే మాస్టారు లేడనీ, కూర్చునే గది లేదనీ తెలుసుకోవడానికి ఏ జాబితా కావాలి? అది తెలిసీ ఫీజు కట్టేలా చేసింది డబ్బు ఇబ్బందే, ఆ ఇబ్బంది మొదలైంది అరువు తెచ్చిన బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గరే. మళ్లీ చెబుతున్నాను, అరువు ఫండ్స్ చూపించి రాకండి.

అందరూ చేస్తున్నదే కదా, ఎవరు పట్టుబడ్డారు అనే మాట కన్సల్టెన్సీలు నిండిన హైదరాబాదు అమీర్‌పేటలో ఎప్పుడూ వినబడుతుంది. పట్టుబడటం అంటే ఇంటర్వ్యూ కిటికీ దగ్గర పట్టుబడటం అనుకుంటున్నారు కాబట్టే అలా అడుగుతున్నారు. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. చదువయ్యాక తిరిగి వెళతారన్న నమ్మకం అధికారికి కలగకపోతే దాని కింద వీసా నిరాకరిస్తారు. మన పిల్లలు దాన్ని చూసి వణికిపోతారు గానీ అది పెద్ద దెబ్బేమీ కాదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ వెళ్లొచ్చు. వణకవలసింది 212వ సెక్షన్‌ను చూసి. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పో, దొంగ కాగితం చూపించో వీసా తెచ్చుకున్నారని తేలితే అది జీవితాంతం నిషేధం, మినహాయింపు అడిగే దారులు ఉన్నా బాగా ఇరుకు. ఆ తేలడం ఇంటర్వ్యూ రోజునే జరగాలని లేదు. డీఎస్-160 వాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది. ఐదేళ్ల తర్వాత హెచ్-1బి స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడో, పదేళ్ల తర్వాత గ్రీన్ కార్డు కాగితాలు నింపేటప్పుడో అవే ప్రశ్నలు మళ్లీ అడిగి పాత జవాబులతో సరిచూస్తారు. ఆ రోజున కన్సల్టెన్సీ ఉంటుందో ఉండదో, మీరు మాత్రం ఉంటారు. విమానం దిగిన తర్వాతా ప్రశ్నలుంటాయి. 2015 డిసెంబరులో చేతిలో వీసా ఉండి కూడా తెలుగు విద్యార్థులు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వెనక్కి రావలసివచ్చింది. వాళ్లు చెప్పిన మాటలు వీసా హోదాతో పొసగలేదన్నది అమెరికా ప్రభుత్వం ఇచ్చిన వివరణ. వేరొకరు రాసిపెట్టిన కథను ఇరవై గంటల ప్రయాణం తర్వాత, నిద్రలేని కళ్లతో, ఎంతమంది తడబడకుండా చెప్పగలరు?

మాది అంత చదువుకున్న కుటుంబం కాదు, ఇంగ్లీషు రాదు, కన్సల్టెన్సీ లేకపోతే మా పిల్లవాడికి దారి ఎవరు చూపిస్తారు అని తల్లిదండ్రులు అడిగితే ఆ ప్రశ్నను తీసిపారేయలేను. సాయం తీసుకోండి, తప్పులేదు. సాయం చేసినవాళ్లెవరో చెప్పమని డీఎస్-160లోనే అడుగుతారు, వాళ్ల పేరు రాయండి. కానీ ఈమెయిలూ పాస్‌వర్డూ మీ దగ్గరే ఉండాలి, సబ్మిట్ నొక్కే వేలు మీదే కావాలి. ఆ నొక్కడమే సంతకం. నొక్కేముందు ప్రతి జవాబూ చదివి, దాని కాపీ దాచుకోండి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలూ అందులో అడుగుతారు, ఒక్కటీ వదలకండి. యూనివర్సిటీల గురించి ఉచితంగా చెప్పే ఎడ్యుకేషన్ యూఎస్ఏ కేంద్రం హైదరాబాదులోనే ఉంది, లక్ష రూపాయలు ఎవరి చేతిలోనో పోసేముందు అక్కడ అడగండి. ఇంటర్వ్యూ ముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేయండి, కోరిక తీరాక 108 చేయండి, మనసుకు ధైర్యం. కానీ ఆయన చుట్టూ తిరిగొచ్చి, చేతిలో దొంగ స్టేట్‌మెంటు పట్టుకుని వరుసలో నిలబడటం ఏం న్యాయం?

నిజంగానే డబ్బు లేకపోతే? ఇది గట్టి ప్రశ్న, దీనికి తేలిక జవాబు లేదు. విద్యారుణం మంజూరు పత్రం చూపిస్తే అదీ ఫండ్స్ కిందే లెక్క, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ప్రభుత్వ బ్యాంకుల్లో సాధారణంగా 7.5 లక్షలు దాటితే తనఖా అడుగుతారు, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తనఖాగా తీసుకోవు, అందుకని పల్లెటూరి ఇళ్లకు ఈ దారి కష్టమే. ప్రైవేటు సంస్థలు తనఖా లేకుండా ఇస్తాయి, వడ్డీ ఎక్కువ. ఆ వడ్డీ లెక్క వేశాక భయమేస్తే, ఆ భయాన్ని నమ్మండి. ఫీజు తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీ వెతకండి, ఒక ఏడాది ఆగి ఉద్యోగం చేసి రండి. పక్కింటి అబ్బాయి వెళ్లాడని మీరూ ఈ ఆగస్టుకే రావాలని ఎక్కడ రాసుంది?

కిటికీ అవతలి నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: మీ నాన్నగారు ఏం చేస్తారు? రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో కన్సల్టెన్సీ శిక్షణ అంతా ఈ ఒక్క జవాబు చుట్టూనే తిరుగుతుంది. రైతు అంటే వీసా రాదు, బిజినెస్ అని చెప్పు అంటారు. ఏం బిజినెస్ అని రెండో ప్రశ్న రాగానే మిరప చేను ఎరువుల కొట్టుగా మారుతుంది, ఆ తర్వాత అన్నీ అబద్ధాలే. ఆ అబద్ధం చెప్పినవాళ్లే ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో, మంచు కప్పేసిన బస్టాపులో నిలబడి, కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు కోసం మొహం వాచిపోతారు. సంక్రాంతికి ఫోన్‌లో ముగ్గు చూస్తారు. దేన్నయితే కిటికీ దగ్గర దాచారో అదే గుర్తొచ్చి నిద్రపట్టదు. రైతు అనే మాట వల్ల వీసా ఆగదు. ఎన్ని ఎకరాలు, ఏం పంట, ఏడాదికి ఎంత మిగులుతుంది, మిగతా ఫీజుకు రుణం ఎంత అన్నది తేల్చి చెప్పలేకపోతేనే అనుమానం వస్తుంది. ఆ లెక్కలు కన్సల్టెన్సీకి తెలియవు. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఒక రాత్రి ఆయన పక్కన కూర్చుని అడగండి, మొన్న యార్డులో క్వింటాలు ఎంతకు అమ్మావు నాన్నా అని. కౌలెంత, కూలీలకు ఎంతయింది, బ్యాంకులో ఏ కాగితం మీద సంతకం పెట్టావు అని అడిగి రాసుకోండి.