ఆరేదాకా ఆగడం: పిల్లలతో కలిసి ఒక చిన్న సైనిక వాహనం



దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. సెలవుల్లో పిల్లల చేతికి ఏ పని ఇవ్వాలన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్నే. ఈ నెల ‘చేసి నేర్చుకుందాం’ పాఠంలో ఆరో తరగతి, ఆ పై తరగతుల పిల్లలకు సరిపోయే ఒక పని చెబుతున్నాం. బల్ల మీద ఆడే యుద్ధక్రీడల కోసం ఒక చిన్న సైనిక వాహనాన్ని అతికించి, రంగులు వేసి, మట్టి, గడ్డి ఉన్న చిన్న పీట మీద నిలబెట్టడమే ఆ పని. ఆ పీటనే ఈ ఆటలో ‘బేస్’ అంటారు.

ముందుగా ఒక మాట. దీనికి మార్కులు లేవు. దీనివల్ల ర్యాంకు పెరుగుతుందని మేము చెప్పడం లేదు. అయితే పొద్దున్న బస్సెక్కిన దగ్గర్నుంచి రాత్రి హోంవర్క్ ముగిసేదాకా పరుగే అయిన పిల్లలకు, ఒక పొర ఆరేదాకా ఆగి రెండో పొర వేయడం అన్నది కొత్త సంగతి. ఈ పని నేర్పేది అదే. ఇందులో మీరు చేయవలసింది కూడా ఒకటుంది. అది చివర్లో చెబుతాం.

ఈ ఆట ఎక్కడిది?

మూలం మనకు తెలిసిందే. రథ, గజ, తురగ, పదాతి బలాలతో మన దేశంలో పుట్టిన చతురంగం ప్రపంచమంతా తిరిగి చదరంగమైంది. 1780లో జర్మన్ ప్రాంతమైన బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఉపాధ్యాయుడు ఆ చదరంగాన్నే పెంచి, కొండలు, నదులు చేర్చి యుద్ధక్రీడగా మార్చాడు. 1824లో ప్రష్యా సైన్యంలోని రైస్విట్జ్ అనే యువ అధికారి పటం మీద ఆడే నియమాలు రాసి సైన్యానికి చూపించాడు. అధికారులకు అది శిక్షణ అయింది.

దాన్ని ఇళ్లలోకి తెచ్చిన పేరు మాత్రం హెచ్.జి. వెల్స్‌ది. సైన్స్ కథలు రాసిన ఆ ఆంగ్ల రచయితే 1913లో ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకంలో బొమ్మ సైనికులతో ఆడే నియమాలు అచ్చువేశాడు. ఈ ఆట ఆడి చూసినవారికి అసలు యుద్ధం ఎంత తప్పులతడకో తెలిసిపోతుందన్నది ఆయన వాదన. ఆ మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

ఏ వాహనం ఎంచుకోవాలి?

చాలామంది పిల్లలు పెద్ద ఫిరంగి ఉన్న ట్యాంకునే అడుగుతారు. మేము సూచించేది మన ఇంటి పక్కదాన్ని. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారంలో 1980ల నుంచి ‘శరత్’ అనే పదాతి దళ వాహనం తయారవుతోంది. రష్యన్ రూపకల్పన అయిన బీఎంపీ-2కు అది భారతీయ పేరు. ట్రాకుల మీద నడుస్తుంది, నీటిలో ఈదుతుంది. రిపబ్లిక్ డే కవాతులో మీ పిల్లలు చూసే ఉంటారు. బీఎంపీ-2 ప్లాస్టిక్ కిట్లు 1:72, 1:100 కొలతల్లో వస్తాయి.

కిట్ విప్పకముందే ఒక లెక్క చేయించండి. అసలు వాహనం పొడవు సుమారు 6.7 మీటర్లు. 1:100 కొలతలో ఎంత? 6.7 సెంటీమీటర్లు. 1:72లో సుమారు 9.3 సెంటీమీటర్లు.

ఇప్పుడు బరువు. అసలుది సుమారు 14 టన్నులు. నూరో వంతు బొమ్మను అదే లోహంతో, లోపలి భాగాలన్నిటితో సహా చేస్తే ఎంత తూగుతుంది? చాలామంది పిల్లలు 140 కిలోలు అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నూరోవంతు అవుతాయి కాబట్టి బరువు పదిలక్షల వంతు అవుతుంది. అంటే 14 గ్రాములు! ఘనపరిమాణం పాఠం దీనికంటే బాగా అర్థమయ్యే చోటు అరుదు.

మరో లెక్క. 1:100 కొలతలో 1 కిలోమీటరు దూరం బల్ల మీద 10 మీటర్లు. అంటే హాలు దాటి వీధిలోకి పోతుంది. అందుకే ఈ ఆటల్లో వాహనానికి ఒక కొలత, నేలకు వేరే కొలత వాడతారు. మన భూగోళం అట్లాసులో రోడ్లను అసలు వెడల్పు కంటే లావుగా గీస్తారు. అది కూడా ఇలాంటి సర్దుబాటే.

కావలసినవి

ఒక కిట్, దానికి సరిపడే ప్లాస్టిక్ జిగురు, నీటితో కలిసే యాక్రిలిక్ రంగులు (ముదురు ఆకుపచ్చ, నలుపు, తెలుపు, గోధుమ, ఇసుక రంగు), ప్రైమర్, మెరుపు లేని వార్నిష్, రెండు మంచి కుంచెలు, ఒక పాత కుంచె. బేస్ కోసం 2 లేదా 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ ముక్క, ఫెవికాల్, జల్లించిన ఇసుక. రంగులు కలపడానికి పాత టైల్ ముక్క చాలు.

జాగ్రత్తలు: బ్లేడుతో కోసే పని పెద్దవాళ్లదే. జిగురు వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. స్ప్రే డబ్బా అయితే డాబా మీద, మాస్కు పెట్టుకుని, మీరే వాడండి. కుంచె మొనను నోట్లో పెట్టి కొస చేసే అలవాటు అసలు రానివ్వకండి.

పని వరస

1. కడగడం: అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్ మీద జిడ్డు ఉండవచ్చు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టాలి. అంచుల్లో కనిపించే సన్నని అచ్చు గీతలను గీకి తీసేయాలి.

2. అతకడం: ముందు జిగురు లేకుండా భాగాలు పెట్టి చూడాలి. ప్లాస్టిక్ జిగురు ఉపరితలాన్ని కొద్దిగా కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. అందుకే ఒక చుక్క చాలు. పైన తిరిగే టరెట్‌ను మాత్రం అతికించవద్దు. ఆటలో అది తిరగాలి.

3. ప్రైమర్: ఇది రంగు పట్టుకోవడానికి వేసే తొలి పొర. కొండపల్లి బొమ్మ చేసేవారు తెల్ల పొణికి చెక్కకు సున్నం పూసి, అది ఆరాకే రంగు వేస్తారు. ఇదీ అలాంటిదే. వాన పడే రోజు స్ప్రే చేయవద్దు. గాలిలో తేమకు పొర మీద మసక వస్తుంది. రాత్రంతా ఆరనివ్వాలి.

4. ప్రధాన రంగు: రంగు దోసెల పిండిలా ఉండకూడదు, పాలలా ఉండాలి. మొదటి పొర వేసినప్పుడు కింది ప్రైమర్ మరకలు మరకలుగా కనిపిస్తుంది. పిల్లలు అక్కడే కంగారుపడి ఇంకా దట్టంగా పూస్తారు. ఆగమనండి. ఆరాక వేసే రెండో పలచని పొరతో సరిపోతుంది. చిన్న వస్తువు మీద ఏ రంగయినా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి ఆకుపచ్చలో కొంచెం తెలుపు కలపాలి.

5. వాష్: ఒక చుక్క నలుపు, ఒక చుక్క గోధుమ, బోలెడు నీళ్లు కలిపి పూస్తే ఆ నీటిరంగు సందుల్లోకి, మూలల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. సందుల్లోకి దిగకుండా చుక్కలు చుక్కలుగా ఉండిపోతే, గిన్నెలు తోమే ద్రవం కుంచె మొనతో కొద్దిగా ముట్టించి కలపండి. చక్కగా పారుతుంది. ఎందుకో పిల్లల్ని అడగండి. తలతన్యత పాఠం గుర్తు చేసుకుంటారు.

6. డ్రై బ్రష్: లేత రంగును పాత కుంచెకు అద్ది, దాదాపు అంతా కాగితం మీద తుడిచేయాలి. ఇక రంగు లేదనిపించే కుంచెతో మెల్లగా రుద్దితే అంచులు, మరల తలలు మాత్రమే తేలిక రంగు పట్టుకుంటాయి. పిల్లల ముఖం వెలిగేది ఈ దశలోనే.

7. వివరాలు: ట్రాకులకు ముదురు గోధుమ, తుపాకీ గొట్టానికి నలుపు, లైట్లకు తెలుపు. నంబర్ల డెకాల్స్ నీళ్లలో నానబెట్టి జార్చి అతికించాలి. చివర మెరుపు లేని వార్నిష్. ఆటలో చేతులు తగిలి రంగు పోకుండా కాపాడేది అదే.

బేస్: వాహనం ఎక్కడ ఉంది?

వాహనాలను బేస్ లేకుండా ఆడేవాళ్లూ ఉన్నారు. కానీ బేస్ ఉంటే ఆడేటప్పుడు వాహనాన్ని పట్టుకోనక్కర లేదు, పీటను పట్టుకుని జరపవచ్చు. సన్నని తుపాకీ గొట్టం విరగదు. అన్నిటికంటే ముఖ్యంగా, వాహనానికి ఒక చోటు దొరుకుతుంది.

1:100 బొమ్మకు 9 × 5 సెంటీమీటర్ల ముక్క చాలు. ఎండీఎఫ్‌కు ఒకవైపే తడి ఫెవికాల్ పూస్తే ఆరేటప్పుడు వంగిపోతుంది. కాబట్టి ముందు రెండు వైపులా రంగు పూసి ఆరబెట్టాలి. తర్వాత పైన ఫెవికాల్ రాసి, టీ వడకట్టే జల్లెడతో జల్లించిన ఇసుక చల్లి, మర్నాటి దాకా వదిలేయాలి. ఆ ఇసుకకు నేల రంగు వేసి, ఆరాక లేత రంగుతో డ్రై బ్రష్ చేయాలి. అక్కడక్కడ కృత్రిమ గడ్డి అతికించాలి.

ఇక్కడ ఒక్క నియమం పాటిస్తే చాలు. బేస్ మీద ఏ మట్టి ఉందో, ట్రాకుల మీదా అదే మట్టి ఉండాలి. పీట మీద నల్లరేగడి వేసి ట్రాకులకు ఇసుక రంగు పూస్తే చూసిన వెంటనే తేడా తెలుస్తుంది. అది ఎర్ర నేలా, నల్లరేగడా, రాజస్థాన్ ఇసుకా అన్నది పిల్లలే నిర్ణయించాలి. బురద కింది భాగంలో ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. వాన వెలిసిన రోజు ఆగి ఉన్న ట్రాక్టరును చూపించండి. అంతకంటే మంచి నమూనా ఉండదు.

ఇక మీ వంతు

ప్రాజెక్టు అనగానే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. రాత్రి పదింటికి అమ్మ కత్తిరిస్తుంది, నాన్న అతికిస్తాడు, పాప పక్కన నిద్రపోతుంది. మర్నాడు తరగతిలో అందమైన వస్తువు ఉంటుంది. అది ఎలా వచ్చిందని అడిగితే పాప దగ్గర జవాబు ఉండదు.

ఈ పనిలో దయచేసి కుంచె మీరు తీసుకోకండి. మీరు వేస్తే గీత తిన్నగా వస్తుంది, నిజమే. కానీ ఒకసారి మీరు సరిచేస్తే, రెండోసారి వాడు తన చేతిని నమ్మడు. పైగా ఇందులో దిద్దుకోలేని తప్పు దాదాపు లేదు. రంగు పక్కకు పోతే తడి ఆరకముందే నీటి కుంచెతో తుడవవచ్చు. ఆరిపోతే ప్రధాన రంగు మళ్లీ వేసుకోవచ్చు. దిద్దలేని మరక ట్రాకు దగ్గర ఉంటే, దాని మీద బురద వేస్తే సరి. ‘అలా కాదురా’ అనే చోట ‘ఇప్పుడు ఏం చేద్దాం?’ అని అడిగి చూడండి.

మీకూ ఒక పని కావాలంటే, పక్కన కూర్చుని మీరూ ఒక వాహనం చేసుకోండి. ఎవరి కుంచె వాళ్లదే.

యుద్ధం గురించి అడిగితే

ఆడుతూ ఆడుతూ పిల్లలు ‘ఈ వాహనం పేలిపోయింది’ అంటారు. అప్పుడు కోప్పడనక్కర లేదు, విననట్టు ఉండనూ అక్కర లేదు. ఇందులో ఎంతమంది ఉంటారో చెప్పండి. నడిపేవారు, తుపాకీ పేల్చేవారు, నాయకుడు కలిసి ముగ్గురు. వెంట వచ్చే సైనికులు ఏడుగురు. మొత్తం పదిమంది. వెనక ఉన్న ఆ రెండు తలుపుల్లోంచే చాలామంది దిగుతారు. తాను రంగు వేసిన తలుపు అది. దాని వెనక మనుషులు ఉంటారని ఒకసారి తెలిశాక పిల్లలు ఆడడం మానరు గానీ, ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగుతారు. మీ కుటుంబంలోనో, వీధిలోనో సైన్యంలో పనిచేసినవారుంటే ఈ సెలవుల్లో పిల్లల్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

సెలవుల పట్టిక (రోజుకు అరగంట నుంచి ముప్పావు గంట)

1వ రోజు: లెక్కలు, కడగడం
2, 3 రోజులు: అతకడం
4వ రోజు: ప్రైమర్, ఎండీఎఫ్ ముక్కకు రెండు వైపులా రంగు
5వ రోజు: ప్రధాన రంగు, రెండు పొరలు
6వ రోజు: వాష్, బేస్ మీద ఇసుక
7వ రోజు: డ్రై బ్రష్, నేల రంగు
8వ రోజు: వివరాలు, డెకాల్స్
9వ రోజు: బురద, వార్నిష్
10వ రోజు: గడ్డి, వాహనాన్ని బేస్ మీద అతికించడం

రెండు రోజుల పని ఒకే రోజు చేయాలని పిల్లలు పట్టుపడతారు. వేలితో తాకి చూడమనండి. వేలికి రంగు అంటితే ఇంకా ఆరలేదన్నమాట. ఆ రోజుకు అంతే.

సెలవుల తర్వాత మీ పిల్లలు చేసిన వాహనాన్ని పాఠశాలకు పంపవచ్చు. తరగతి గది అలమరలో పెడతాం. బహుమతులు, స్థానాలు ఉండవు. చూడవచ్చిన తోటి పిల్లలకు ‘ఇది ఇలా చేశాను’ అని చెప్పే అవకాశం మాత్రం ప్రతి ఒక్కరికీ ఉంటుంది.

మీ ఇంటిల్లిపాదికీ దసరా శుభాకాంక్షలు.