కొల్లేటి అడుగున సముద్రం జాడలు

కొల్లేరు మంచినీటి సరస్సు. అక్కడి నుంచి సముద్రం సుమారు 35 కిలోమీటర్ల దూరం. కాని సుమారు 6,000 సంవత్సరాల క్రితం ఈ కొల్లేరే సముద్రాన్ని ఆనుకొని, ఈనాటి పులికాట్ లాగా ఉప్పునీటి సరస్సుగా ఉండేది. ఆ కాలపు రాతలేవీ మనకు లేవు గదా! మరి ఈ సంగతి ఎవరు చెప్పారు? మట్టి పొరలే చెప్పాయి. ఎలాగో చూద్దాం.

సముద్రం ఎందుకు పెరిగింది?

సుమారు 20,000 సంవత్సరాల క్రితం భూమి మీద చలి చాలా ఎక్కువ. ఉత్తర అమెరికాను, ఉత్తర ఐరోపాను కిలోమీటర్ల మందాన మంచు కప్పి ఉండేది. ఆ మంచంతా సముద్రం నుంచి ఆవిరై వెళ్ళిన నీరే. అందువల్ల అప్పటి సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువ.

తరువాత మంచు కరిగింది. సుమారు 7,000 సంవత్సరాల క్రితానికి నీరు ఇంచుమించు నేటి మట్టానికి చేరింది. 120 మీటర్లను 13,000 సంవత్సరాలతో భాగించి చూడండి. సగటున ఏడాదికి 9 మిల్లీమీటర్లకు పైగా వస్తుంది.

పీట్ అంటే ఏమిటి?

నేల మీద రాలిన ఆకును సూక్ష్మజీవులు త్వరగా కుళ్ళబెడతాయి. నీటిలో నానుతున్న బురదలో ఆక్సిజన్ సరిగా అందదు. అక్కడ ఆకులు, వేళ్ళు పూర్తిగా కుళ్ళక నల్లగా పేరుకుంటాయి. అదే పీట్. బొగ్గు ఏర్పడడంలో ఇది మొదటి మెట్టు. కోరింగ వంటి మడ అడవుల కింద ఆకులు, వేళ్ళు కలిసిన ఇటువంటి నల్లని బురద చేరుతుంది.

మడచెట్లు ఆటుపోట్లు తగిలే చోటనే పెరుగుతాయి. కాబట్టి వాటి పీట్ లోతున ఎక్కడ దొరికితే, ఆ కాలంలో సముద్రమట్టం ఇంచుమించు అక్కడే ఉండేదన్న మాట. ఏ కాలమో కార్బన్-14 చెబుతుంది. చనిపోయిన మొక్కలో ఇది 5,730 సంవత్సరాలకు సగమవుతుంది. నాలుగో వంతే మిగిలితే ఎన్నేళ్ళయినట్టు? మీరే చెప్పండి.

ఒక్క జాగ్రత్త అవసరం. పీట్ మెత్తన కనుక పై పొరల బరువుకు అణిగి కిందికి దిగుతుంది. గట్టి నేలను ఆనుకొని ఉన్న పీట్ అంతగా దిగదు. అందుకే శాస్త్రజ్ఞులు దానినే ఎక్కువగా నమ్ముతారు.

1931లో ఇంగ్లండు సమీపాన ఉత్తర సముద్రంలో కొలిండా అనే చేపల పడవ వలకు ఒక పీట్ గడ్డ తగిలింది. పగలగొడితే లోపల కొమ్ముతో చేసిన ఈటె మొన ఉంది. అంటే, ఆ సముద్రపు అడుగు ఒకప్పుడు మనుషులు వేటాడిన నేల!

పొరలను చదవడం

కింద పొలం మట్టి, దానిపై పీట్, ఆపైన గవ్వలున్న బురద ఉన్నాయనుకోండి. సముద్రం లోపలికి వచ్చిందని అర్థం. కింద గవ్వల బురద, దానిపై ఇసుక, ఆపైన పీట్, అన్నిటికీ పైన ఒండ్రు ఉంటే? నది గెలిచి, నేల ముందుకు జరిగిందని అర్థం.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, జపాన్ శాస్త్రజ్ఞుడు యోషికి సైతో, మరికొందరు గోదావరి డెల్టాలో బోర్లు వేసి తీసిన మట్టిని ఇలాగే చదివి, 2012లో వివరాలు ప్రకటించారు.

సముద్రం పెరగడం నెమ్మదించగానే కృష్ణా గోదావరులు తెచ్చిన ఒండ్రుదే పైచేయి అయింది. కెరటాలు ఇసుకను గట్లుగా పోశాయి. ఒక గట్టు ముందు మరొక గట్టు లేచింది. అలా తీరం దూరంగా జరిగి, రెండు డెల్టాల నడుమ కొల్లేరు లోపల మిగిలిపోయింది.

అందులో మన మట్టి ఎంత?

కృష్ణగిరి, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల్లో వానకు కొట్టుకుపోయే నల్లరేగడి హంద్రీలోనో, వాగుల్లోనో పడి తుంగభద్రకు చేరుతుంది. తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. కనుక కృష్ణా డెల్టాలో మన చేల మట్టి కూడా ఉంది.

ఈ ప్రయాణానికి ఇప్పుడు అడ్డం పడింది. 1980ల నుంచి ఆ మట్టి చాలావరకు శ్రీశైలం జలాశయంలోనే ఆగుతోంది. మొదట 308 టి.ఎం.సి. పట్టే ఆ జలాశయం, పూడిక వల్ల ఇప్పుడు సుమారు 215 టి.ఎం.సి. మాత్రమే పడుతోంది. ఆనకట్టలు మనకు నీరిస్తున్నాయి, నిజమే. కాని కొత్త ఒండ్రు రాకపోతే డెల్టా నేల తన బరువుకు తానే అణుగుతుంది.

మరోపక్క సముద్రం తిరిగి లేస్తోంది. 1993 నుంచి ఉపగ్రహాలు కొలిచిన ప్రకారం సగటున ఏటా 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది, ఆ వేగమూ హెచ్చుతోంది. ఏటా 6, 7 మిల్లీమీటర్లు మించి పెరిగిన చోట మడ అడవులు నిలవలేకపోయాయని ప్రపంచంలోని పాత పొరలు చెబుతున్నాయి. ఒండ్రు గెలుస్తుందా, సముద్రం గెలుస్తుందా అన్న పోటీ మళ్ళీ మొదలయింది.

చేసి చూడండి

రెండు గాజు సీసాల్లో నీళ్ళు పోయండి. ఒకదానిలో రెండు చెంచాల ఉప్పు కరిగించండి. రెండింటిలోనూ పిడికెడు నల్లరేగడి వేసి, బాగా కుదిపి, కదల్చకుండా ఉంచండి. ఏ సీసాలో నీరు ముందుగా తేరుకుంది? నది సముద్రంలో కలిసే చోటనే డెల్టా ఎందుకు పెరుగుతుందో చెప్పడానికి ఇది ఒక ఆధారం. కారణం ఆలోచించి, మీ సైన్సు మాస్టారుతో చర్చించండి.