కుక్కపిల్ల కాలేయము – గాదెలోని బూజు

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల పల్లెలలో కుక్కపిల్లకు వేరుగా వండుట అరుదు. ఇంటి అన్నమే పెట్టుదుము. వానకు తడిసి అమ్ముడుపోని మొక్కజొన్నల నూకను కాచి పోయుటయు కలదు.

పిల్ల తిండి మాని, వాంతులు చేసికొనుచు, కన్నులును చిగుళ్లును పచ్చబడినచో కాలేయమును శంకింపవలెను. కామెర్లని పసరు పోయరాదు. మనము వాడు పారాసిటమాల్ బిళ్ల దాని కాలేయమునే చెరచును. ఎలుకల మూత్రము వలన సోకిన వ్యాధియో, వైరసో, పుట్టుకతో వచ్చిన లోపమో, రక్తపరీక్ష లేక పశువైద్యుడును చెప్పజాలడు.

మేము విశేషముగా శంకించునది బూజును. 1974లో రాజస్థానమందలి బాంస్వాడా, గుజరాతునందలి పంచమహల్ జిల్లాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ యిండ్ల కుక్కలును అదే వ్యాధికి లోనయ్యెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పరిశోధించి, అఫ్లటాక్సిన్ అను బూజువిషమే కారణమని తేల్చిరి. ఉడికించినను ఆ విషము పూర్తిగా పోదు!

కావున ఆ మేతను వెంటనే మాన్పి, పిల్లతోపాటు ఆ గింజలను గుప్పెడు వైద్యుని కడకు కొనిపోవుదము. అంతవరకు మంచినీరు, కొంచెము కొంచెముగా మెత్తని తాజా అన్నము చాలును. మాంసము మాట వైద్యుడే చెప్పవలెను. ఆ గింజలే మన గాదెలోను ఉండవచ్చును గదా! దానిని ఆనాడే తెరచి చూడుదము.