ఇండియా పీసు కాని కెమెరా – కొనుగోలుదారుని హక్కులు

జపానులో విడుదలయైన క్రొత్త కెమెరా కంపెనీ ద్వారా మన దేశమునకు రాకపూర్వమే కొన్ని దుకాణములలో దొరకుచుండుటయు, పెండ్లి ముహూర్తములు దగ్గరపడుచున్నవను తొందరలో ఫొటోగ్రాఫరులు లక్షలు పోసి దానిని కొనుచుండుటయు, పిమ్మట అది మొరాయించినప్పుడు సర్వీసు సెంటరువారు ‘ఇది ఇండియా పీసు కాదు’ అని త్రిప్పి పంపుటయు పరిపాటియైనది. తాము చేసిన కొనుగోలే నేరమేమోయను భీతిచే అట్టివారు నోరు మెదపక ఊరకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

విదేశమున న్యాయముగా కొన్న అసలు సరకును కంపెనీ అనుమతి లేకయే దిగుమతి చేసి అమ్ముట ట్రేడ్‌మార్కుల చట్టమునకు విరుద్ధము కాదని 2012లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము శామ్‌సంగ్ ప్రింటర్ల వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అయితే ఆ ధర్మాసనమే, సరకు విదేశమునుండి వచ్చినదనియు, దానికి కంపెనీ వారంటీ లేదనియు, మరమ్మతు బాధ్యత తమదేయనియు దుకాణమున ప్రస్ఫుటముగా ప్రకటింపవలెనని ఆ ప్రింటర్ల విక్రేతలను ఆజ్ఞాపించెను. కావున తప్పు దిగుమతిలో లేదు, దాచుటలో నున్నది. సుంకము ఎగవేసి తెచ్చిన సరకు సంగతి మాత్రము వేరు. దానిని కస్టమ్సువారు స్వాధీనపరచుకొనవచ్చును.

పెట్టె చేతికి రాగానే దానిపై దిగుమతిదారుని పేరు, చిరునామా, తయారైన దేశము, ఎమ్మార్పీ ఉన్నవో లేవో చూడుడు. 2011 నాటి ప్యాకేజీ సరకుల నియమములు వీనిని తప్పనిసరి చేసినవి. కెమెరా అడుగున నున్న సీరియల్ నంబరు పెట్టెపైని నంబరుతో సరిపోవలెను. జపాను విపణికై చేసిన సోనీ కెమెరాలనేకములలో మెనూ జపాను భాషలోనే యుండును గనుక, దుకాణములోనే ఆన్ చేసి చూచుట మేలు.

‘బిల్లు వద్దంటే ఇంకొంచెం తగ్గిస్తామండీ’ అను మాటకు లొంగరాదు. బిల్లు ఈయకుండుటయే 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. ఆ బిల్లుపై సీరియల్ నంబరును, ‘షాపు వారంటీ’ ఎన్ని నెలలో, ఏ భాగములకో, మరమ్మతుకు పంపు ఖర్చెవరిదో వ్రాయించుకొని సంతకము తీసికొనవలెను. నోటిమాటగా వచ్చిన వారంటీని రుజువు చేయుట కడు కష్టము.

లోపము బయటపడినచో మొదట దుకాణదారునకు వ్రాతపూర్వకముగా తెలిపి, ఫలితము లేనిచో 1915 హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చును. లేదా మీరు నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును. కొన్న వెల ఐదు లక్షలు మించనిచో ఫీజు లేదు. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమమును లేదు. పెండ్లి ఫొటోలతో సంపాదించుచున్నావు గనుక నీవు వినియోగదారుడవే కావని ఎదుటివారు వాదింపవచ్చును. కాని స్వయంఉపాధిచే జీవనము గడుపుకొనుటకే కొన్న వస్తువు వాణిజ్య ప్రయోజనము క్రిందికి రాదని వినియోగదారుల పరిరక్షణ చట్టమే స్పష్టముగా చెప్పుచున్నది. ఈ మాట ఫిర్యాదులో మొదటనే వ్రాయుడు.

అమెరికాలోని బంధువులచేత తెప్పించుకొనువారు కస్టమ్సు రసీదును, అచ్చటి బిల్లును భద్రపరచుకొనవలెను. పెక్కు కంపెనీల కెమెరా వారంటీ కొన్న దేశమునకే పరిమితము. అచ్చటి దుకాణముపై ఇచ్చట ఆజ్ఞ పొందినను అమలు జరుపుట దుష్కరము. అందుచే పాడైనచో దానిని తిరిగి అచ్చటికి తీసికొనిపోగలవారు ఎవరో ముందే విచారించుకొని, ఆ ఖర్చును కూడ వెలలో కలిపి లెక్క చూచుకొనుడు.