వేసవిలో ఆనపపిందె నిలుచుట

ఆనపతీగ పందిరి నెక్కినను పిందెలు పసుపువాఱి రాలుచున్నవని పలువురు సభ్యులు మమ్ము నడుగుచున్నారు. దిష్టికై పాతచెప్పు కట్టినందున చేటు లేదు గాని, ముందు పూవును చూడవలెను. ఆనపకు మగపూవులు, ఆడుపూవులు వేఱువేఱుగ పూయును. ఆడుపూవు క్రింద నూగుగల చిన్నపిందె యుండును. మగపూవునకు ఉత్త కాడయే. మొదట పూచునవి మగపూవులే గనుక వాని రాలుటకు చింతింపవలదు. పుప్పొడి యందని పిందె మాత్రము నిలువదు. ఆనపపూవు సాయంకాలమున విచ్చును. అప్పటికి తేనెటీగలు పట్టు చేరుచుండును. కావున దీపములు పెట్టువేళ అప్పుడే విచ్చిన మగపూవును త్రుంచి, రేకులు తీసివైచి, పుప్పొడిని ఆడుపూవు నడుమ మెల్లగ రాయవలెను. గుమ్మడికైనచో ఈ పని ఉదయముననే చేయవలెను. పాదు బెట్టకు వచ్చినను పిందె రాలును. మొదట ఎండుటాకులు పఱచి, ఎండ తగ్గిన పిమ్మట నీరు పోయుడు.